మూడో అంతస్తుకు వచ్చిన పెట్టె

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. పింఛను పుస్తకానికీ ఓటర్ల జాబితాకూ తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు బస్సుల్లో టికెట్లు చెక్ చేసింది కాబట్టి డిపోలో చెకింగమ్మ, వీధిలో చెకింగమ్మ, ఆఖరికి సొంత అల్లుడు కూడా ఫోనులో స్నేహితులతో గొంతు తగ్గించి "మా చెకింగమ్మ" అనేవాడు. ఎంత తగ్గించినా ఆవిడకు వినబడేది.

టికెట్ చెకింగ్ అంటే కాగితం చూడటం అనుకుంటారు జనం. కాగితంలో ఏముంది, నా మొహం! చూడాల్సింది చేతులు. టికెట్ లేనివాడు ఊరికే ఉండడు, తెగ మాట్లాడతాడు. వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదంటాడు, ఇప్పుడే ఎక్కానంటాడు, కండక్టరే ఇవ్వలేదంటాడు. అయ్యో పాపం అని ఆ మాటలు వింటూ నిలబడితే ఇంతే సంగతులు, ఈలోగా వాడి చెయ్యి పక్కసీటువాడి టికెట్ అందుకుంటుంది. అందుకని ఎవరైనా గడగడా మాట్లాడటం మొదలుపెట్టగానే చెకింగమ్మ చెవులు కట్టేసేది, కళ్ళు చేతుల మీద పెట్టేది. అలా ఆవిడకు దొరికినవాళ్ళలో కోటు తొడుక్కున్న పెద్దమనుషులున్నారు, పసిబిడ్డ టోపీలో నిన్నటి టికెట్ దాచిన తల్లులున్నారు, సొంత మరిదీ ఉన్నాడు. "వదినా, నేనే!" అని పళ్ళికిలించాడట ఆయన. "తెలుసు, దిగు" అంది. జరిమానా కట్టించి మరీ దింపింది. ఆ మరిది ఆరేళ్ళు ఇంటి గడప తొక్కలేదు. కాఫీపొడి మిగిలింది పొమ్మంది ఆవిడ.

చూసిన ప్రతి టికెట్ వెనకా పెన్సిలుతో ఒక గుర్తు గీసేది. ఒక కొక్కెం, దాని పక్కన రెండు చుక్కలు. డిపోలో ఒక్కో చెకరుకు ఒక్కో గుర్తు ఉండేది. ఒకరి గుర్తు ఇంకొకరు వేస్తే గొడవలైపోయేవి. ఆ గుర్తు పడ్డ టికెట్‌ను తుడిచి మళ్ళీ వాడుకుందామనుకున్నవాడు మర్నాడు ఎక్కడో ఒకచోట దొరికిపోయేవాడు. కాగితం ఎవరిదైనా గుర్తు తనది, అదీ ఆవిడ ధీమా.

ఉద్యోగం దిగిపోయిన మూడో ఏడు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. డాక్టర్లు లోపల రేకు పెట్టి బిగించారు. ఇల్లేమో మూడో అంతస్తు. లిఫ్టు పెట్టిస్తామని ఇంటి యజమానులు చెబుతూనే ఉన్నారు, మెట్లు మాత్రం అరవై రెండు అలాగే ఉన్నాయి. వాకర్ పట్టుకుని మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి స్నానాలగది దాకా, అదీ ఆవిడ ప్రపంచం. తొమ్మిదేళ్ళలో ఆసుపత్రికి తప్ప గడప దాటింది లేదు. ఆ ప్రపంచంలోకి వచ్చేవాళ్ళందరినీ మాత్రం వదలకుండా చెక్ చేసేది. తలుపుకు రెండు గొలుసులు, ఒక గడియ, వచ్చినవాళ్ళను చూసేందుకు తలుపులో కన్నమంత అద్దం. పాలవాడు ప్యాకెట్ ఇస్తే తేదీ చూసేది. పార్సిల్ వస్తే పెట్టెకు అంటించిన టేపు ఒక పొరా రెండు పొరలా అని చూసేది. మందుల షాపులో పనిచేసే కూతురు సొంత చేత్తో తెచ్చిన మాత్రలను కూడా కిటికీ వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి, ఆ తర్వాతే నోట్లో వేసుకునేది.

"అమ్మా, నేను నీ కూతుర్ని" అనేది ఆ పిల్ల విసుగొచ్చి.

"నువ్వు కూతురివేలే. నీకు ఇచ్చినవాడు ఎవరో!"

ఇదంతా ముసలితనపు చాదస్తం అని కొట్టిపారేయడానికి లేదు. ఆవిడ అనుమానానికి ఒక కారణం ఉంది. కాళ్ళు ఆడినన్నాళ్ళు ఆవిడ ఒక్క ఓటు కూడా ఎగ్గొట్టలేదు. ఎన్నికల రోజు డబుల్ డ్యూటీ ఉన్నా సరే, తెల్లారగానే యూనిఫారంలోనే వెళ్ళి వరసలో మొదట నిలబడేది. పడిపోయాక వచ్చిన మొదటి ఎన్నికల్లో, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కిందికి దింపుతామన్నాడు అల్లుడు. "నేనేమన్నా బీరువానా?" అని వెళ్ళలేదు. ఆ తర్వాతి ఎన్నికలప్పుడు కూతురు ఓటేసి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏమయిందే అంటే నీళ్ళు నమిలింది. చివరికి చెప్పింది. జాబితాలో తన పేరుకు పైనే తల్లి పేరు ఉంది. ఆ పేరు మీద అప్పటికే ఎర్ర సిరాతో గీత పడి ఉంది. అంటే ఆవిడ ఓటు ఎవరో వేసేశారు.

చెకింగమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు దొంగ టికెట్లు పట్టిన మనిషి పేరు మీద ఎవరో దర్జాగా ప్రయాణం చేసేశారు! పై ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. మూడు నెలలకు జవాబొచ్చింది, మీ ఉత్తరం అందినది అని. అందితే ఏం చేశారో అందులో లేదు. అప్పట్నుంచి ఆవిడ కోరిక ఒక్కటే. చచ్చేలోగా తన ఓటు తన చేత్తో వెయ్యాలి, అది లెక్కలో పడాలి. ఎవడు గెలిచినా ఓడినా సరే.

ఈసారి ఎన్నికలు దగ్గర పడ్డాక ఒక ఆదివారం అల్లుడు కాగితమొకటి పట్టుకుని హుషారుగా వచ్చాడు. కొరియర్ వ్యాన్ నడుపుతాడతను. పది గుమ్మాలు ఎక్కి దిగే మనిషి కాబట్టి పది కబుర్లు తెస్తాడు.

"అత్తయ్యా, ఇకమీదట మీరు బూత్‌కి వెళ్ళనక్కర్లేదండీ. నడవలేనివాళ్ళ ఇంటికి వాళ్ళే పెట్టె తెచ్చి ఓటు వేయించుకుంటారట. ఈ ఫారం మీద సంతకం పెడితే చాలు."

ఆవిడ కాగితం కేసి చూడలేదు, అతని చేతుల కేసి చూసింది. "ఎవరిచ్చారు నీకిది?"

"ఎన్నికల ఆఫీసులోనే ఇస్తున్నారండీ, అందరికీ."

"అందరికీ ఇచ్చేదాన్ని నువ్వెందుకు ఇంత ముద్దుగా మడతపెట్టుకుని తెచ్చావు? ఏ పార్టీవాడు పంపాడు?"

"అయ్యో రామా! మీ ఓటు నాకెందుకండీ? నాకు నా ఓటే ఎవరికెయ్యాలో తెలీక చస్తుంటే!"

"చూశావా, తెలీదంటున్నాడు" అంది కూతురితో, అదేదో నేరం ఒప్పుకున్నట్టు.

అల్లుడు మొహం మాడ్చుకుని వ్యాన్ కడుక్కోవడానికి పోయాడు. ఆవిడ భూతద్దం తీసి ఫారం మొదలుపెట్టింది. మొదటి పేజీలో ఏమీ దొరకలేదు. వెనకవైపు అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది. ఇంటి దగ్గర ఓటు కోరుకున్నవారి పేరు బూత్ జాబితాలో గుర్తు పెట్టబడును, వారు బూత్‌లో ఓటు వేయుటకు వీలు లేదు.

"అదీ సంగతి!" అని మంచం మీద గట్టిగా చరిచింది. "సంతకం పెట్టగానే అక్కడ గీత కొట్టేస్తారు. ఇక్కడికి పెట్టె వస్తుందో రాదో దేవుడికెరుక. వచ్చినా అది ఎన్నికలవాళ్ళదో ఏ దొంగవెధవదో! వేసినా దారిలో కవరు మార్చరని ఏమిటి? బూత్‌లో అయితే నలుగురి కళ్ళుంటాయి. ఇక్కడ ఎవరున్నారు?"

"నువ్వున్నావుగా అమ్మా, నలుగురి పెట్టు" అంది కూతురు.

ఫారం తొమ్మిది రోజులు దిండు కింద నలిగింది. పెడితే ఒక భయం, పెట్టకపోతే ఇంకో భయం. పెట్టకపోతే ఈసారీ ఎవడో వచ్చి ఆవిడ పేరు మీద వేసుకుపోతాడు. తొమ్మిదో రోజు రెండో అంతస్తు టైలరు పైకి వచ్చాడు.

టైలరు కాళ్ళు చిన్నప్పుడే పడిపోయాయి. మెట్ల మీద కూర్చుని, చేతులు ఆనించి ఒక్కో మెట్టే జరుగుతూ ఎక్కుతాడు, దిగుతాడు. చేత్తో తిప్పే మిషను మీద కుడతాడు. ఆవిడ నైటీలకు అంచులు మడిచేది అతనే, ఆవిడ లోపలికి రానిచ్చే ముగ్గురిలో ఒకడూ అతనే. ఆ రోజు అతని మొహం వెలిగిపోతోంది. ఫారం ఇచ్చేశాడట.

"సంబరం దేనికి? మోసం ఉంటుందేమో చూసుకోవద్దూ?" అంది ఆవిడ.

"ఉంటే ఉండనీ అక్కా. ఇరవై ఏళ్ళుగా నేను ఓటు ఎలా వేస్తున్నానో తెలుసా నీకు? గేటు దగ్గర్నుంచి ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి ఎత్తుకెళ్తారు. బల్ల ఎత్తు అందదని ఎత్తి పట్టుకునే ఉంటారు. పట్టుకున్నవాడు భుజం మీంచి తొంగిచూస్తాడు. పోయినసారైతే 'ముద్ర ఇక్కడ కొట్టన్నా' అని నా చెయ్యి పట్టుకుని వాడే కొట్టించాడు. నోరెత్తితే కింద పడేస్తాడని ఊరుకున్నాను. ఎంత సిగ్గేసిందో అక్కా, మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఈసారి నా మిషను బల్ల దగ్గర కూర్చుని, నా అంతట నేను వేస్తాను. ఒక్కసారన్నా."

ఆవిడ దిండు కిందినుంచి ఫారం తీసి మడతలు సాపు చేసింది. తర్వాత గొంతు తగ్గించింది. "అయితే ఒక పని చెయ్యి తమ్ముడూ. కాగితం మీద ముద్ర కొట్టాక, వెనకాల మూల నీ గుర్తు ఒకటి పెట్టుకో. నేనూ పెడతాను, మా డిపో గుర్తు. రేపు లెక్కపెట్టాక అనుమానం వస్తే, నా కాగితం చూపించండి అని అడుగుతాను. కొక్కెం, రెండు చుక్కలు ఉందా, నాది. లేదా, మార్చేశారన్నమాట. అప్పుడు చెబుతాను వాళ్ళ సంగతి."

టైలరుకు అది బాగా నచ్చింది. నచ్చదా మరి! నలుగురి బట్టలు కలిసిపోకుండా ప్రతి ముక్క వెనకా సుద్దతో గుర్తు పెట్టడం అతని రోజువారీ పని. "నేను కత్తెర బొమ్మ వేస్తానక్కా, నా బట్టల మీద వేసేదే" అన్నాడు. అలా ఒకరు టికెట్ల తెలివితో, ఇంకొకరు గుడ్డల తెలివితో పథకం ఖాయం చేసుకున్నారు. ఆ సాయంత్రమే ఆవిడ ఫారం మీద సంతకం పెట్టింది. ఆఫీసుకు ఇచ్చిరావడానికి అల్లుణ్ణి నమ్మి ఇచ్చింది కానీ, ముట్టినట్టు రసీదు తెచ్చేదాకా అతనికి టీ ఇవ్వనివ్వలేదు.

చెప్పిన రోజున, చెప్పిన తొమ్మిది గంటలకు కాకుండా తొమ్మిదీ ఇరవైకి తలుపు చప్పుడైంది. కూతురు షాపులో గంట అనుమతి తీసుకుని ఇంట్లోనే ఉంది. తియ్యబోతే ఆవిడ ఆపింది. అద్దంలోంచి చూస్తే ఒక నడివయసు ఆడమనిషి, మెడలో కార్డు. ఆమె వెనక బట్టతలాయన ఒకడు తగరపు పెట్టె గుండెకు ఆనించుకుని రొప్పుతున్నాడు.

"ఆలస్యం ఎందుకయింది?" అని లోపల్నుంచే అడిగింది చెకింగమ్మ.

"మెట్లమ్మా" అన్నాడు బట్టతలాయన.

"కార్డు అద్దానికి ఆనించండి. ఇంకా పైకి. ఫొటో మీద వేలు తియ్యండి."

కార్డు మీది నంబరు రాసుకుని, ఆఫీసుకు కూతురి చేత ఫోను చేయించి, ఆ నంబరు గల మనిషి నిజంగానే ఉందా, ఉంటే ఈ వీధికే పంపారా అని కనుక్కుంది. అప్పుడు గానీ గొలుసులు ఊడలేదు. ఆ వచ్చినామె బడిలో టీచరట, ఎన్నికల డ్యూటీ వేశారట. ఏమీ అనుకోలేదు. ఇంతకంటే మొండి పిల్లల్ని రోజూ చూస్తుంటుంది కాబోలు. పెట్టె బల్ల మీద పెట్టించి, తాళం చూపించి, తాళం మీది సీలు చూపించింది. చెకింగమ్మ సీలు నంబరు క్యాలెండరు వెనక రాసుకుంది. పెట్టె అడుగు చూడాలంది. బట్టతలాయన నిట్టూర్చి పెట్టెను పైకెత్తి అడుగు చూపించాడు. లోపల కవర్లు జరిగిన చప్పుడైంది.

"మిగతావాళ్ళ ఓట్లు తలకిందులైపోవు కదా?" అంది కూతురు. ఆవిడ చూసిన చూపుకు ఆ పిల్ల నోరు మూసుకుంది.

"ఇక ఓటరు తప్ప ఇంకెవరూ ఉండకూడదు" అని టీచరు కూతుర్ని బయటికి పంపించింది. ఆ పిల్ల అటునుంచటే షాపుకు వెళ్ళిపోయింది. టీచరు అట్టతో చేసిన మరుగు బల్ల మీద నిలబెట్టి, బ్యాలెట్ కాగితం విప్పి, నియమాలు చదవడం మొదలుపెట్టింది. నిన్నటి నుంచి ఎనిమిది ఇళ్ళలో చదివి చదివి నోటికొచ్చేశాయి కాబట్టి గడగడా అప్పజెప్పేసింది.

గడగడా మాటలు మొదలవ్వగానే చెకింగమ్మ చెవులు వాటంతటవే మూతపడ్డాయి. కళ్ళు బట్టతలాయన చేతుల మీదికి పోయాయి. ఎందుకంటే ఆ చేతుల్లో ఒకటి మెల్లగా సంచిలోకి వెళుతోంది. వెళ్ళింది. ఏదో పట్టుకుంది.  ఇంకో కవరా? ముందే ముద్ర కొట్టి తెచ్చిన కాగితమా? చెయ్యి బయటికొచ్చింది. రుమాలు. నెత్తి తుడుచుకున్నాడు. మళ్ళీ చెయ్యి సంచిలోకి పోయింది.

"అర్థమైందా అమ్మా?" అంది టీచరు.

"ఆ ఆ, అంతా అర్థమైంది" అంది ఆవిడ, సంచి మీంచి చూపు తిప్పకుండా.

మరుగు వెనక్కి కుర్చీ జరుపుకుంది. ముద్ర చేతిలోకి తీసుకుని బరువు చూసింది. తొమ్మిదేళ్ళయింది మరి. పేర్లన్నీ భూతద్దంతో రెండుసార్లు చదివి, అనుకున్న చోట గట్టిగా నొక్కింది. ఆరేదాకా ఊదింది. తర్వాత జాకెట్టులోంచి అంగుళమంత పెన్సిలు ముక్క తీసి, కాగితం తిప్పి, కింది మూలలో కొక్కెం, రెండు చుక్కలు గీసింది. చెయ్యి ఆ గుర్తును మరిచిపోనే లేదు. మడిచి కవరులో పెట్టి జిగురు అంటించి, తనే వాకర్ పట్టుకుని లేచి, తనే పెట్టె చీలికలోంచి లోపలికి తోసింది. కవరు కింద పడ్డ చప్పుడు వినేదాకా చెయ్యి తియ్యలేదు.

టీచరు వేలికి సిరా పెట్టింది, రిజిస్టరులో సంతకం చేయించుకుంది, నియమాల కాగితం ఒకటి చేతిలో పెట్టి దండం పెట్టింది. వాళ్ళు వెళ్ళగానే ఆవిడ రెండు గొలుసులూ, గడియా వేసుకుని, కిటికీ దగ్గర కూర్చుని వేలు చూసుకుంది. ఎంత సంతోషం వేసిందంటే, ఎవరూ లేరు కదా అని చిన్నగా నవ్వుకుంది కూడా. ఇక ఏ వెధవ వస్తాడో రమ్మను.

సంతోషం ఉన్నా అలవాటు ఊరుకోదు. వాళ్ళిచ్చిన కాగితంలో ఏ మెలిక పెట్టారో చూద్దామని భూతద్దం తీసింది. ఒకటి, రెండు, మూడు, అన్నీ మామూలివే. ఏడోది దగ్గర భూతద్దం ఆగింది. బ్యాలెట్ కాగితంపై ఓటరు ఎవరో తెలియజేయు ఏ రాత గాని, గుర్తు గాని ఉన్నచో ఆ ఓటు చెల్లదు.

ఇంకోసారి చదివింది. వేలు పెట్టుకుని మరోసారి చదివింది.  చెల్లదు.  మొదట వచ్చిన ఆలోచన, ఈ ముక్క ఇప్పుడే కొత్తగా అచ్చేశారేమో, కావాలనే చేశారేమో అని. మరు క్షణం టైలరు గుర్తొచ్చాడు.

వాళ్ళు తిన్నగా అతని దగ్గరికే వెళ్ళారు. అతను కత్తెర బొమ్మ వేస్తాడు. ఆవిడ చెప్పింది కాబట్టి వేస్తాడు. ఫోను చేసింది. స్విచ్ఛాఫ్. ఓటు వేసేటప్పుడు ఫోన్లు ఆపించేస్తారు మరి. వాకర్ ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికి పోయింది. గడియ ఊడింది. ఒక గొలుసు ఊడింది. రెండోది మొండికేసింది. లాగుతూ ఆ గొలుసునూ, దాన్ని బిగించినవాణ్ణీ, బిగించమన్న తననూ కలిపి తిట్టింది. ఊడింది. గడప దాటి మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, డిపో మొత్తానికి వినబడే పాత గొంతుతో అరిచింది.

"తమ్ముడూ! ఆగు! కాగితం మీద ఏమీ గీయకు! గీస్తే చెల్లదట! ఒరేయ్, విన్నావా, ఏమీ గీయకు!"

ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. రెండో అంతస్తు తలుపులోంచి టీచరు కంగారుగా బయటికొచ్చి పైకి చూసింది. "ఏమ్మా, ఏమయింది?"

"వాడు వెనకాల బొమ్మ వేస్తాడు. వెయ్యనివ్వకండి!"

"మీకెలా తెలుసు?"

"నేనే చెప్పాను వెయ్యమని." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "నేనూ వేశాను."

లోపల్నుంచి టైలరు గొంతు వినబడింది. "సుద్ద చేతిలో ఉందక్కా! ఇంకా గీయలేదు! సుద్ద పక్కన పెట్టేస్తున్నాను!"

హమ్మయ్య అనుకుంది చెకింగమ్మ.  అతనిది గట్టెక్కింది, తనది పెట్టెలో ఉంది.

టీచరు టైలరు ఓటు పూర్తి చేయించి, బట్టతలాయనతో సహా మళ్ళీ పైకి వచ్చింది. పాపం ఆయన ఆ పెట్టెను ఇంకో ఇరవై మెట్లు ఎక్కించాడు. చెకింగమ్మ ఇంకా కమ్మీ పట్టుకునే నిలబడి ఉంది.

"అమ్మాయ్, ఒక్కసారి తెరువమ్మా. నా కవరు పైనే ఉంటుంది. నాకిచ్చెయ్. ఇంకో కాగితం ఇవ్వు, ఊరికే ముద్ర కొట్టి వేసేస్తాను."

"తెరవకూడదమ్మా."

"నాదే కదా అడుగుతున్నాను! పరాయివాళ్ళది కాదుగా!"

"మీదే అయినా కుదరదమ్మా. చదివి చెప్పాను కదా మొదట్లో."

"నేను వినలేదు. ఆయన సంచి చూస్తున్నాను." బట్టతలాయన బిత్తరపోయి సంచి కేసి చూసుకున్నాడు. "తొమ్మిదేళ్ళమ్మా. ఒకసారి ఎవడో నా పేరు మీద వేసేశాడు. నాకు డెబ్భై. మళ్ళీ ఎన్నికల దాకా ఉంటానో ఊడతానో! ఎవరు చూస్తున్నారు? నువ్వు, నేను, ఆయన. కావాలంటే రాసిస్తాను, నేనే తెరవమన్నానని. ఒక్క కవరు, ఒక్కటి!"

బతిమాలింది. తర్వాత పై ఆఫీసుకు రాస్తానని బెదిరించింది. తర్వాత ఏడ్చింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఇలా బతిమాలి, బెదిరించి, ఏడ్చినవాళ్ళను ఎందరినో దింపేసిన మనిషి. టీచరు కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. బట్టతలాయన అయితే గోడ వైపు తిరిగిపోయాడు, పెట్టెను మాత్రం ఇంకా గట్టిగా పొదువుకున్నాడు. టీచరు ఒకే మాట అంది. "నా సొంత తల్లి అడిగినా తెరవలేనమ్మా."

చెకింగమ్మ పెట్టె కేసి చూసింది. దారిలో ఎవడో వచ్చి దీన్ని తెరుస్తాడని తొమ్మిది రోజులు నిద్ర చెడగొట్టుకుంది. తెరవమని అడగడానికి ఎవరూ రాలేదు, తనే వచ్చింది. ఇప్పుడు వీళ్ళు తెరిచి కవరు చేతిలో పెట్టి ఉంటే, రెండోసారి వేసిన ఆ ఓటును తను నమ్మి ఉండేదా? చచ్చినా నమ్మి ఉండేది కాదు. తను ఇన్నాళ్ళూ కావాలనుకున్న పెట్టె ఇదే. తన ఓటును చెల్లనిదాన్ని చేసి మింగేసి, అచ్చం తను కోరుకున్నట్టే తెరుచుకోనంటోంది.  ఈ కోపం ఎవరి మీద చూపించాలో ఆవిడకు తెలియలేదు.

చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "తీసుకెళ్ళండి" అంది. బట్టతలాయన మొదటి మెట్టు దిగాక మళ్ళీ పిలిచింది. "ఇదిగో, అమ్మాయ్. ఇంకెవరు వచ్చి అడిగినా తెరవకు. ఎంత ఏడ్చినా సరే."

టీచరు తలూపి దిగిపోయింది. పెట్టె మలుపు తిరిగిపోయింది. కింద గుమ్మంలో టైలరు కూర్చున్నచోటి నుంచే మెడ సారించి కేక వేశాడు, సంతోషం పట్టలేక. "అక్కా! వేశాను! నేనే వేశాను, నన్నెవరూ పట్టుకోలేదు! నీకు చూపిద్దామని పైకి వచ్చేస్తున్నా, వేలు చూడు! ఏడుస్తున్నావా ఏంటి? నీ ఓటు మళ్ళీ ఎవడన్నా కొట్టేశాడా?"

"లేదురా తమ్ముడూ" అంది చెకింగమ్మ. "ఈసారి ఎవ్వరూ ముట్టుకోలేదు. నేనే పాడుచేసుకున్నాను."